తుమ్ములు ఆగిన పళ్ళెం

ఫిబ్రవరి 9, సోమవారం

పొద్దున తొమ్మిదిన్నరకి పళ్ళేనికి పల్స్, అంటే పరీక్షకని ఇచ్చే చిన్న కరెంటు దెబ్బ, పంపాను. ఎనిమిది గళ్ళూ పలికాయి. వోల్టేజి సరిగ్గా ఉంది, వేడి ముప్పై ఒకటి. ఫారం చివర ఎప్పటిలాగే "ఆరోగ్యం: బాగుంది" అని రాసి సంతకం పెట్టాను. ఏడేళ్ళుగా ప్రతి సోమవారం ఇదే పని. ఆ సంతకం ఈమధ్య దానంతట అదే పడిపోతోంది.

ఇంక పది రోజులు. పంతొమ్మిదిన మా బండి రాయి పక్కనుంచి దూసుకెళ్తుంది. పేపర్లవాళ్ళకి అది వ్యోమనౌక, ఇది గ్రహశకలం. ఇన్నేళ్ళు కాపురం చేశాక మాకు మాత్రం బండీ, రాయీ. బండి ముందువైపు బిగించిన పళ్ళెం, అంటే దుమ్ము తగిలితే లెక్కపెట్టే ఆ పరికరం, అదొక్కటే నా పూచీ.

మా ప్రాజెక్టు పెద్దాయన మధ్యాహ్నం మీటింగులో ఇంకోసారి అందరికీ పాఠం చెప్పారు. నాలుగు నెలల వెనక రెండో బండి వస్తోంది. దాన్ని రాయికి నలభై కిలోమీటర్ల దగ్గరగా పోనివ్వాలా, రెండొందల దూరంనుంచి పంపెయ్యాలా అన్నది మా పళ్ళెం చెప్పే లెక్కని బట్టి తేలుతుంది. దుమ్ముంటే దూరం, లేకపోతే దగ్గర. ఆ వేగంలో ఇసుకరేణువంత తగిలినా బండికి చిల్లే. మాట ముగించి నావైపు తిరిగారు. "ఏం నర్సమ్మా, నీ పేషెంటు ఎలా ఉంది?" బాగుందన్నాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

ఇంటికొచ్చేసరికి గంటన్నర ఆలస్యం. మా ఆయన వండిపెట్టి, తన మటుకు తను తినేసి, షాపునుంచి తెచ్చుకున్న కళ్ళజోళ్ళ ఫ్రేములు ముందేసుకుని కూర్చున్నారు. ఒకప్పుడైతే గుమ్మంలోనే మొదలయ్యేది. ఇప్పుడేమీ అనరు. పద్నాలుగు నెలలుగా మా ఇంట్లో గొడవన్నది లేదు. మీరిద్దరూ ఇంత నెమ్మదిగా ఎలా ఉంటారండీ అని మొన్న పక్కింటావిడ అడిగింది కూడా. బాగుంది. ఇలాగే బాగుంది.

ఫిబ్రవరి 10

ఏమీ లేదు. బస్సులో గొడుగు పోగొట్టుకున్నాను. ఆయనకి చెప్తే సరే అన్నారు. గత ఏడాదిలో ఇది మూడో గొడుగు.

ఫిబ్రవరి 12, గురువారం

రిహార్సల్ చేశాం. రెండో బండికి దారి గీసే మేడం కూడా వచ్చింది. నాకంటే పదేళ్ళు చిన్నది, పద్ధతైన మనిషి, ప్రతిదీ నోటు పుస్తకంలో రాసుకుంటుంది. పెద్దాయన ఆవిడకి మా గదంతా తిప్పి చూపించి, నా సీటు దగ్గర ఆగి తుమ్ముల కథ ఎత్తుకున్నారు. ఆ కథంటే ఆయనకి మహా సరదా.

"ఈ పళ్ళెం తుమ్మేదమ్మా," అన్నారు. బండి తిరిగినప్పుడల్లా, ఎండలోంచి నీడలోకో, నీడలోంచి ఎండలోకో మారితే చాలు, దుమ్ము అణువంత తగలకపోయినా ఇరవై ముప్పై దెబ్బలు తగిలినట్టు లెక్క చూపించేది. ఆ గోల పడలేక మా నర్సమ్మ ఒక జల్లెడ రాసింది, తిరిగే టైములో వచ్చే దొంగ లెక్కల్ని అది తీసి పక్కన పడేస్తుంది. ఇప్పుడా జల్లెడకీ పని లేదు. ఏడాది దాటింది, పళ్ళెం తుమ్మడమే మానేసింది. వయసొచ్చాక బుద్ధొచ్చింది అన్నారు.

మేడం నవ్వి నన్ను అడిగింది, గత ఏడాదిలో అసలు దుమ్ము దెబ్బలు ఎన్ని వచ్చాయని. నేను ఒక్కటీ లేదన్నాను. అంతకు ముందేడాది? పదకొండు. ఎందుకలా?

"ఇప్పుడు మనం పోతున్న దారి శుభ్రంగా ఉంది," అన్నాను.

రాసుకుంది. రాసుకుని కింద గీత కూడా గీసింది.

ఫిబ్రవరి 13

శుభ్రంగా ఉండకూడదా? ఎక్కడికెళ్ళినా దుమ్ముండాలని ఎవరన్నారు? అంత పెద్ద ఆకాశంలో ఒక ఏడాది పాటు శుభ్రమైన దారి దొరకడం విడ్డూరమేమీ కాదు.

ఫిబ్రవరి 15, ఆదివారం

జిగురు మాస్టారింటికి వెళ్ళాను. ఊరికే, చూసొద్దామని. ఆయన రిటైరై ఐదేళ్ళవుతోంది, నేను వెళ్ళడం ఇది రెండోసారి. పళ్ళెం మీది పొరని తన చేత్తో అతికించింది ఈయనే. పదకొండు రోజులు ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఊపిరి బిగబట్టి అతికించారు. ఇప్పుడు మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటున్నారు. బల్ల మీద అంతా డబ్బాలూ తీగలే. నన్ను చూసి ఎంత పొంగిపోయారో, కుర్చీ మీది సామాను దించడానికే ఐదు నిమిషాలు పట్టింది.

టీ ఇచ్చాక నేనే కదిపాను. పొర ఎలా పనిచేస్తుందో మళ్ళీ చెప్పండి మాస్టారూ, రాయి దగ్గరికి వెళ్తున్నాం కదా, ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పాలి అన్నాను. ఆయనకి అంతకన్నా ఏం కావాలి. డబ్బాలోంచి అరచేతంత పొర ముక్క తీసి ముల్లు మీటరుకి తగిలించారు. గోటితో మెల్లిగా కొడితే ముల్లు ఎగిరింది. వేడి టీ గ్లాసు దగ్గరకి పెడితే, ముట్టుకోకుండానే ముల్లు గంతులేసింది.

"చూశావా, తుమ్ముతోంది," అన్నారు. "దెబ్బా తెలుస్తుంది దీనికి, వేడీ తెలుస్తుంది. మీరంతా తుమ్ములు తుమ్ములని విసుక్కునేవాళ్ళు గానీ, తుమ్మితేనే బతికున్నట్టు."

తర్వాత ఇంకో ముక్క తీసి, ఇస్త్రీపెట్టె పెట్టి ఒక్క నిమిషం అదిమారు. చల్లారనిచ్చి మీటరుకి తగిలించారు. చూడటానికి ఏ తేడా లేదు, అదే మెరుపు, అదే నునుపు. గోటితో కొట్టారు. గ్లాసు పెట్టారు. నన్నూ కొట్టి చూడమన్నారు. నేనూ కొట్టాను. ముల్లు ఉన్నచోటే ఉంది.

వేడి ఎనభై డిగ్రీలు దాటితే పొర చెవిటిదైపోతుందట. మరి పల్స్ పంపితే పలకదు కదా, అప్పుడు మనకి తెలిసిపోతుంది కదా అన్నాను. గొంతు మామూలుగానే పెట్టాననుకుంటున్నాను.

"పల్స్ పొరకి ఇవ్వవు కదమ్మా. దాని వెనక తీగకి ఇస్తావు. తీగ బాగున్నంతకాలం పలుకుతుంది. పొర చచ్చినా పలుకుతుంది."

ఇది నాకు తెలియనిది కాదు. పళ్ళెం బొమ్మ నా గోడ మీదే ఉంది, ఆ తీగ ఎక్కడ కలుస్తుందో కళ్ళు మూసుకుని గీస్తాను. అయినా ఏడేళ్ళుగా పల్స్ పలకగానే "బాగుంది" అని రాస్తున్నాను. ఫారంలో అదే అడుగుతారు కాబట్టి.

ఒకసారి చెవిటిదైతే మళ్ళీ వస్తుందా అని అడిగాను. రాదు, కొత్త పొర అతికించుకోవడమే అన్నారు. గుమ్మం దాకా వచ్చి సాగనంపుతూ, "మనది ఎప్పుడూ అంత కాలలేదు కదా?" అన్నారు.

లేదు మాస్టారూ అన్నాను.

ఫిబ్రవరి 16, సోమవారం

పల్స్ పంపాను. ఎనిమిదీ పలికాయి. ఆరోగ్యం: బాగుంది.

సాయంత్రం అందరూ వెళ్ళాక జల్లెడ పక్కన పడేసిన లెక్కలు తెరిచాను. మొన్నటి డిసెంబర్ కాదు, ఆ ముందటి డిసెంబర్ మూడు దాకా బండి ఇరవై రెండుసార్లు తిరిగింది. ఇరవై రెండుసార్లూ తుమ్మింది. ఆ తర్వాత పద్ధెనిమిదిసార్లు తిరిగింది. పద్ధెనిమిది సున్నాలు. జల్లెడలో ఏమీ పడటం లేదని నాకు ఏడాదినుంచీ తెలుసు. పెద్దాయనకి ఆ సంగతి చెప్పింది నేనే. అప్పుడాయన శభాష్ అన్నారు, అది కూడా పుచ్చుకున్నాను.

ఫిబ్రవరి 17, మంగళవారం

రాయాలి. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను.

డిసెంబర్ మూడున బండి ఇంజను మండించడానికి పక్కకి తిరిగింది. గంటన్నర సేపు పళ్ళెం మీద నేరుగా ఎండ. అంతసేపు ఎండ ఎప్పుడూ పడలేదు, కాబట్టి నేను సీట్లో ఉండి చూసుకోవాలి. అప్పటికి మా అత్తయ్య ఆసుపత్రిలో చేరి తొమ్మిది రోజులు. పొద్దున ఎనిమిదికి ఆయన ఫోన్ చేసి, ఇవాళ సెలవు పెట్టి రాగలవా అన్నారు. సాయంత్రం వస్తానన్నాను. పదకొండుకి మళ్ళీ చేశారు. మీటింగులో ఉన్నానన్నాను, నిజంగానే ఉన్నాను. ఒంటిగంటకి మూడోసారి మోగేసరికి ఒళ్ళు మండింది. "తొమ్మిది రోజులనుంచీ ఇదే కదండీ," అన్నాను. ఆ మాట అన్నది నేనే.

రెండూ ఇరవైకి నా స్క్రీన్ మీద పళ్ళెం గడి పసుపయింది. వేడి డెబ్భై ఐదు దాటింది. పసుపు వెలిగితే ఆ పరికరం తాలూకు మనిషి సీటు వదలకూడదు. బండిని తిప్పే ఆయనకి, స్టీరింగ్ అంటాం ఆయన్ని, వెంటనే చెప్పాలి. ఆయన తిరుగుడు ఆపమని బండికి ఆదేశం పంపుతాడు. అంతే రూలు. చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడే నాలుగో ఫోను. మా ఆయన గొంతు ఎప్పటిలా లేదు.

"ఇప్పుడు రా," అన్నారు.

స్టీరింగుకి చెప్తే తిరుగుడు ఆగుతుంది, ఇంజను మండటం రద్దవుతుంది, పెద్దాయన దిగుతారు, మీటింగు పెడతారు, సాయంత్రం దాకా నన్ను కదలనివ్వరు. చెప్పకుండా లేస్తే పసుపు కూస్తూనే ఉంటుంది. నేను హద్దు జరిపేశాను. డెబ్భై ఐదు ఉన్నచోట తొంభై ఐదు కొట్టాను. కారణం అడిగితే "కొలత తప్పు చూపిస్తోంది" అని కొట్టాను. గడి పచ్చబడింది, కూత ఆగింది. పనంతా కలిపి అర నిమిషం పట్టలేదు. బ్యాగు తీసుకుని, అంతా పచ్చగానే ఉంది, కాస్త చూస్తుండండి అని స్టీరింగుకి చెప్పి మెట్లు దిగిపోయాను.

తొంభై ఒకటి దాకా వెళ్ళింది. అది పళ్ళెం వెనక పట్టీ వేడి. ఎండ తగిలే పొర ఇంకెంత కాలిందో. ఆ క్షణంలోనే చెప్పుంటే, కబురు రావడానికి పదకొండు నిమిషాలు, పోవడానికి పదకొండు నిమిషాలు వేసుకున్నా, ఎనభైకి అటూ ఇటూగా ఆగేది. ఇవాళ లెక్క వేశాను. నాలుగుసార్లు వేశాను.

బస్సు రాలేదు. టాక్సీ ఎక్కితే వంతెన మీద ఇరుక్కుపోయింది. దిగి నడిచాను, చివర్లో పరిగెత్తాను. నాలుగో అంతస్తు వరండాలో ఆయన బెంచీ మీద కూర్చుని, అత్తయ్య కళ్ళజోడు గుడ్డతో తుడుస్తున్నారు.

"పోయి ఇరవై నిమిషాలయింది," అన్నారు.

డ్యూటీ వదిలి రాలేకపోయానండీ అన్నాను. ఆయన కోసం ఏం చేసొచ్చానో చెప్పుకోలేను కదా. చెప్తే అది ఆఫీసు దాకా పోతుంది. సరే అన్నారు. అప్పటినుంచీ దేనికైనా సరే అంటారు.

ఫిబ్రవరి 18

రేపటి దాటుడుకి ముందు పరికరాల ఆరోగ్యపత్రం మీద ఒక్కొక్కరం సంతకం పెట్టాం. చెప్దామని రెండుసార్లు పెద్దాయన గది దాకా వెళ్ళాను. ఫోన్లో ఉన్నారు. పెట్టేశాను.

ఫోన్లో లేకపోయినా పెట్టేదాన్నే.

ఫిబ్రవరి 19, గురువారం

మధ్యాహ్నం మూడుంపావుకి దాటింది. మాకు తెలిసేది పదకొండు నిమిషాల పాత సంగతి. గదిలో పట్టనంత జనం, గోడవారన కూడా నిలబడ్డారు. కెమెరావాళ్ళ తెర మీద రాయి కనబడగానే అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చారు. రెండుచోట్ల సొట్టలుపడి, మసిపట్టినట్టుంది. అందంగా ఏమీ లేదు గానీ, కళ్ళు తిప్పుకోలేకపోయాం.

నా తెర మీద సున్నా. ఐదు నిమిషాల ముందు సున్నా, దగ్గరగా ఉన్నప్పుడు సున్నా, దాటాక సున్నా. ప్రతి నిమిషానికీ నేను పైకి చదవాలి. "పళ్ళెం, సున్నా." చదివినప్పుడల్లా వెనకనించి ఎవరో సంతోషంగా గొణుగుతున్నారు. మేడం నా కుర్చీ వెనక నిలబడి, చేత్తో కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది.

దాటాక బండి పళ్ళేన్ని నీడలోంచి ఎండలోకి తిప్పింది. ఎవరికీ చెప్పకుండా పొద్దునే జల్లెడ తీసేసి ఉంచాను. చచ్చినట్టు తుమ్మాలి. తుమ్ము తల్లీ, ఒక్కటి తుమ్ము అనుకున్నాను. నీడకీ ఎండకీ వేడిలో నూటపది డిగ్రీల తేడా. తెరని చూస్తూ కూర్చున్నాను.

సున్నా.

చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఫిబ్రవరి 20, శుక్రవారం

రాయి చుట్టూ దుమ్ము లేదని పెద్దాయన ప్రకటన రాయిస్తున్నారు. రెండో బండి నలభై కిలోమీటర్ల దారిలోనే వెళ్తుంది. అక్షరం ముక్క మార్చనక్కర్లేదు కదా అని చిత్తుప్రతి నాకూ చూపించారు. అక్కర్లేదన్నాను. ప్రకటన సోమవారం సాయంత్రం బయటికి వెళ్తుంది.

మేడం వెళ్ళే ముందు నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. ఆ బండి మీద తొమ్మిదేళ్ళుగా పని చేస్తున్నారట, అరవై మంది. ఇద్దరు పోయారు కూడా, చూడకుండానే. "ఆ పత్రం మీద మీ సంతకం చూశాకే నాకు నిద్రపట్టింది," అంది. నా చెయ్యి చల్లగా ఉందేమో, ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

బాగానే ఉన్నానన్నాను.

ఫిబ్రవరి 21, శనివారం

ఇవాళ స్నానం చేసి తడి తువ్వాలు మంచం మీద ఆయన వైపు పడేశాను. కావాలనే. పెళ్ళయిన కొత్తలోనించీ ఆయనకి ఒళ్ళు మండేది అదొక్కదానికే. పరుపు నానిపోతోందనీ, నీకు ఒక్క విషయం ఎన్నేళ్ళు చెప్పాలనీ, ఇల్లు ఎగిరిపోయేలా అరిచేవారు. నేనూ తగ్గేదాన్ని కాదు. పక్కింటావిడ అప్పుడు టీవీ గొంతు తగ్గించుకుని మరీ వినేది.

తలుపు పక్కన నిలబడి చూశాను. ఆయన వచ్చారు, తువ్వాలు చూశారు, తీసి బాల్కనీలో ఆరేశారు, అంచులు సరిచేశారు. పరుపు మీద తడి చోట పొడిగుడ్డ పరిచారు. నన్ను చూసి, "టీ తాగుతావా?" అన్నారు.

వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. ఆ తువ్వాలు తీసి నా మొహాన కొట్టినా బాగుండేది.

ఫిబ్రవరి 23, సోమవారం

చెప్పేశాను.

ప్రకటన వెళ్ళడానికి మూడు గంటల ముందు. పల్స్ పంపి, పలికాక, ఫారం నింపకుండా అలాగే పట్టుకెళ్ళి పెద్దాయన బల్ల మీద పెట్టాను. పక్కన తుమ్ముల పట్టిక పెట్టాను, డిసెంబర్ మూడున జరిపిన హద్దు కాగితం పెట్టాను. నేను మాట్లాడుతున్నంతసేపూ పెద్దాయన అడ్డురాలేదు. రాకపోతేనే భయమేసింది. అయ్యాక రెండే ప్రశ్నలు అడిగారు.

"పత్రం మీద సంతకం ఎప్పుడు పెట్టావు?"

బుధవారం అన్నాను.

"అప్పటికే తెలుసా?"

తెలుసన్నాను.

ఆయన నన్ను తిట్టలేదు. ఏడాదినుంచీ తుమ్మట్లేదని అందరికీ నవ్వుతూ చెప్పుకున్నాను, నాకూ తట్టలేదు చూడు అన్నారు, తనతో తను అనుకున్నట్టు. తర్వాత మేడంకి ఫోన్ కలిపి, రిసీవర్ నా చేతికిచ్చారు. నువ్వే చెప్పు అన్నారు. చెప్పాను. పళ్ళెం చెవిటిదని, మా సున్నాకి అర్థం లేదని, దుమ్ముందో లేదో మాకు తెలియదని. రెండొందల కిలోమీటర్లనుంచి మా కెమెరాకి ఆ రాయి బఠాణీగింజంత కనిపిస్తుంది అంది ఆవిడ. గొంతు పెంచలేదు. మారుస్తాం, థాంక్స్ అని పెట్టేసింది. ఆ థాంక్స్ ఇంకా చెవిలో ఉంది.

విచారణ ఉంటుంది. నా పేరు జట్టులోంచి తీసేశారు. ఇంకొకరు దొరికేదాకా సోమవారం పల్స్ మాత్రం నన్నే పంపమన్నారు.

ఫిబ్రవరి 24, మంగళవారం

రాత్రి భోజనాలయ్యాక ఆయనకీ చెప్పాను. పసుపు, హద్దు, టాక్సీ, వంతెన, అంతా. ఆయన చేతిలో ఒక ఫ్రేము, చిన్న స్క్రూ బిగిస్తున్నారు. బిగించడం ఆపలేదు.

నిజం చెప్పాలంటే, ఒక ఆశ పెట్టుకునే చెప్పాను. నా కోసం ఇంత తప్పు చేసి పరిగెత్తుకొచ్చిందా అనుకుంటారని. ఉద్యోగం పోగొట్టుకుంటూ కూడా నేను మార్కులే చూసుకున్నాను.

"ఇప్పుడెందుకు చెప్తున్నావు?" అన్నారు. ఆఫీసులో చెప్పేశాను కాబట్టి అన్నాను. మొదట అక్కడ చెప్పావా అన్నారు. అవునన్నాను.

ఫ్రేము పక్కన పెట్టారు.

"ఈ పద్నాలుగు నెలలూ నేను ఏమీ అనకుండా ఉన్నాను కదా, నీకెలా ఉండేది?"

అబద్ధం చెప్దామనే నోరు తెరిచాను. కానీ పొద్దుటినుంచీ, కాదు, నిన్నటినుంచీ నిజం చెప్పీ చెప్పీ నోటికి అలవాటైపోయినట్టుంది.

"హాయిగా ఉండేదండీ," అన్నాను.

ఆయన తల ఊపారు. కోపం కూడా రాలేదు ఆ మొహంలోకి.

"నాకు తెలుసు," అన్నారు. "మొదట్లో కోపం ఉండేది. ఎందుకు మాట్లాడట్లేదని నువ్వు అడిగితే అరుద్దామని దాచుకున్నాను. నువ్వడగలేదు. అదెప్పుడు పోయిందో నాకే తెలీదు."

ఫిబ్రవరి 26, గురువారం

ఆయన కొన్నాళ్ళు చెల్లెలి ఇంట్లో ఉంటానని వెళ్ళారు. వంతెన అవతలే, బస్సులో నలభై నిమిషాలు. రెండు జతల బట్టలు, పనిముట్ల పెట్టె, తువ్వాలు తీసుకెళ్ళారు. పంచదార అయిపోవచ్చిందని చెప్పి వెళ్ళారు.

ఫిబ్రవరి 28

జిగురు మాస్టారికి ఫోన్ చేశాను. పెద్దాయన ముందే చెప్పినట్టున్నారు. మోగింది, మోగింది, ఎత్తలేదు.

మార్చి 1

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఆయన ఉన్నప్పుడూ ఇంతే ఉండేది. అప్పుడు దీన్ని బాగుంది అనుకునేదాన్ని.

మార్చి 2, సోమవారం

తొమ్మిదిన్నరకి పల్స్ పంపాను. ఎనిమిది గళ్ళూ పలికాయి, ఏమీ ఎరగనట్టు. వోల్టేజి సరిగ్గా ఉంది, వేడి ఇరవై తొమ్మిది. చివరి గడి దగ్గర చెయ్యి దానంతట అదే "బా" అని మొదలుపెట్టింది. కొట్టేసి, "తీగ పలికింది. పొర సంగతి దీనివల్ల తెలియదు," అని రాశాను. గడిలో పట్టలేదు, అంచు మీద కూడా రాశాను. సంతకం పెట్టేటప్పుడు ఈసారి చూస్తూ పెట్టాను.

సాయంత్రం ఆయనకి ఫోన్ చేశాను. రెండు రింగులకే ఎత్తారు. షాపు ఎలా ఉందన్నాను, ఉందన్నారు. భోంచేశారా అంటే చేశానన్నారు. ఎలా ఉన్నారండీ అన్నాను.

"బాగానే ఉన్నా," అన్నారు.

రేపటికి సెలవు చీటీ రాసి బల్ల మీద పెట్టొచ్చాను. పొద్దున మొదటి బస్సుకి వెళ్తాను. వెళ్ళి, ఎదురుగా కూర్చుని, మళ్ళీ అడుగుతాను.